ఫారంలో పెట్టిన చిత్రానికి లెక్క ఎవరు రాయాలి?

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

‘పూర్తి వివరాలకు మా వెబ్‌సైట్ చూడగలరు’ అన్న వాక్యం మీ పత్రికలో అచ్చయ్యే ప్రవేశ ప్రకటనల్లో చాలావాటి చివర కనిపిస్తుంది. ఆ మాట నమ్మి వెబ్‌సైట్ తెరిచిన తల్లిదండ్రులకు నోటీసు ఉండవలసిన చోట ఖాళీ గడి, దాని మూలన విరిగిన బొమ్మ గుర్తు మాత్రమే కనిపించే సందర్భాలు ఉన్నాయి. సర్వర్ పనిచేయలేదనో, ఎవరో తొలగించారనో అనుకుని అందరూ ఊరుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. వెబ్‌సైట్ కోసం ప్రత్యేకంగా తయారు చేయించుకున్న ఫారంలో, రిచ్ టెక్స్ట్ ఎడిటర్ (రాతను అలంకరించి, చిత్రాలు కూడా చేర్చగలిగే రాత గడి) ద్వారా పెట్టిన ఫైలు ఎక్కడ వాడుకలో ఉందో ఎవరూ నమోదు చేయకపోవడమే కారణం. హనుమకొండలో పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు తయారు చేస్తున్న నేను ఈ తప్పు స్వయంగా చేశాను కనుక, దాని వివరాలను మీ పత్రిక ద్వారా సంస్థల యాజమాన్యాలకూ, నా వృత్తిలోని యువతకూ తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

నాలుగేళ్ల క్రితం ఒక విద్యాసంస్థ తన మొదటి పేజీలో ప్రకటనలు పెట్టుకోవడానికి ఒక ఫారం కావాలని అడిగింది. శీర్షికకు ఒక గడి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చూపాలో రెండు గడులు, విషయం రాయడానికి ఒక ఎడిటర్ పెట్టి, వెబ్‌సైట్లు నిర్మించి నడిపే డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫారం తయారు చేసి ఇచ్చాను. అక్షరాలను మందంగా చేయడం, పట్టిక గీయడం, చిత్రం చేర్చడం వంటి సదుపాయాలన్నీ ఆ ఎడిటర్‌లో ఉన్నాయి. మధ్యాహ్నం కార్యాలయ సిబ్బంది ముందు హాస్టల్ ఫీజుల నోటీసు చిత్రాన్ని నేనే ఎక్కించి చూపించాను. చక్కగా కనిపించింది. మరునాడు ఉదయం సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసి నోటీసు లేదని చెప్పారు. మళ్లీ ఎక్కించాను. సాయంత్రం వరకు ఉన్నది, తెల్లవారేసరికి పోయింది. ఆ రోజు ఫారం నింపే పని చూసే జూనియర్ అసిస్టెంట్‌ను ‘పొరపాటున మీరేమైనా తొలగించారా అమ్మా’ అని అడిగాను. ఆమె లేదన్నా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. మూడో రోజు డేటాబేస్ తెరిచి చూశాకే తప్పు పూర్తిగా నాదని అర్థమైంది. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ మూడు రోజుల్లో పల్లెల నుంచి ఫీజు గడువు తెలుసుకోవడానికి ఎందరు ప్రయత్నించి విఫలమయ్యారో లెక్కించే మార్గం లేదు.

అసలు జరిగింది ఇది. డ్రూపల్‌లో ఎక్కించిన ప్రతి ఫైలుకు ఒక పట్టికలో ఒక వరుస ఏర్పడుతుంది. ఫైలు పేరు, చిరునామా, పరిమాణంతో పాటు స్థితి అనే ఒక అంకె అందులో ఉంటుంది. సున్నా ఉంటే ఆ ఫైలు తాత్కాలికం, ఒకటి ఉంటే శాశ్వతం. ఎడిటర్ ద్వారా కొత్తగా ఎక్కిన చిత్రం మొదట తాత్కాలికంగానే ఉంటుంది. ఫైలు వాడుక అనే రెండో పట్టికలో ఏ ఫైలు, ఏ మాడ్యూల్ (డ్రూపల్‌లో ఒక్కొక్క పని చూసే ప్రోగ్రాము భాగం) తరఫున, ఏ రకమైన వస్తువులో (వ్యాసం, పేజీ వంటివి), ఏ గుర్తింపు సంఖ్య గల చోట, ఎన్నిసార్లు వాడుకలో ఉందో రాసి ఉంటుంది. ఇక క్రాన్ అనే పని నిర్ణీత వ్యవధుల్లో నడుస్తూ, ఆరు గంటలకు మించి తాత్కాలికంగా ఉండిపోయిన, ఎక్కడా వాడుకలో ఉన్నట్టు నమోదు కాని ఫైళ్లను డిస్కు నుంచి తీసివేస్తుంది. ఆరు గంటలన్నది వ్యవస్థతో పాటు వచ్చే గడువు. సెట్టింగుల్లో అది 21600 సెకన్లుగా రాసి ఉంటుంది. నేను మధ్యాహ్నం పరీక్షించి ఇంటికి వెళ్లాను, గడువు రాత్రి తీరింది, ఫైలు రాత్రే పోయింది.

ఈ ఏర్పాటును తప్పుపట్టలేము. ఫారం నింపడం మొదలుపెట్టి, చిత్రం ఎక్కించి, భద్రపరచకుండానే కిటికీ మూసేసేవారు ఎందరో ఉంటారు. అలా దిక్కులేకుండా మిగిలిన ఫైళ్లను ఏరివేయకపోతే డిస్కు నిండిపోతుంది. మామూలు వ్యాసం, పేజీ వంటివి భద్రపరచినప్పుడు డ్రూపల్‌లోని ఎడిటర్ మాడ్యూలే ఆ రాతను చదివి, అందులో ఏ చిత్రాలున్నాయో గుర్తించి, వాడుక పట్టికలో నమోదు చేస్తుంది. చిత్రం ట్యాగులో ఆ ఫైలుకు సంబంధించిన యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తు ఉండటం వల్ల అది సాధ్యమవుతుంది. వ్యాసం నుంచి చిత్రాన్ని తీసేస్తే లెక్క తగ్గుతుంది, వ్యాసాన్నే తొలగిస్తే ఆ వరుస కూడా పోతుంది. ఈ పని అంతా తెర వెనుక జరిగిపోతుంది కనుక, ఇలాంటి లెక్క ఒకటి ఉన్నదనే సంగతి పదేళ్ల అనుభవం ఉన్నవారికి కూడా తెలియకపోవచ్చు.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ మాడ్యూల్ గమనించేది డ్రూపల్ వస్తువుల్లోని ఫీల్డులను మాత్రమే. మనం చేతితో రాసిన ఫారంలోని విషయం సెట్టింగుల్లోకో, సొంతంగా సృష్టించుకున్న పట్టికలోకో వెళితే దాన్ని ఎవరూ చదవరు. తెరమీద ఎడిటర్ ఒకటే, బొత్తాలు ఒకటే, చిత్రం ఎక్కించే తీరు ఒకటే. కాబట్టి లోపల కూడా అంతా ఒకేలా జరుగుతున్నదని భ్రమపడతాము. నేను పడ్డాను. పరీక్షించిన రోజు ప్రతిదీ సరిగ్గా పనిచేయడం ఈ లోపానికి ఉన్న అత్యంత ప్రమాదకరమైన లక్షణం. తప్పు వెంటనే బయటపడితే అదే రోజు సరిదిద్దేవారము. ఇది గుత్తేదారుకు బిల్లు చెల్లించిన తర్వాత, ఇతర పనుల ఒత్తిడిలో అందరూ మరిచిపోయిన తర్వాత బయటపడుతుంది.

చికిత్స కష్టమైనది కాదు. ఫారం సమర్పించిన క్షణంలో మనమే ఆ రాతను విప్పి చూసి, అందులోని యూయూఐడీలన్నీ ఏరి, ఒక్కొక్క ఫైలుకు వాడుక నమోదు చేయాలి. డ్రూపల్‌లో దీనికి సిద్ధంగా ఉన్న సేవను పిలిస్తే, నమోదుతో పాటు ఫైలు స్థితి కూడా శాశ్వతంగా మారుతుంది. గుర్తింపు సంఖ్య ఉండే గడిలో అంకెలే కాక అక్షరాలు కూడా రాయవచ్చు కనుక, సంఖ్య లేని సెట్టింగుకు దాని పేరునే గుర్తుగా ఇవ్వవచ్చు. అయితే చేర్చడం ఒక్కటే సరిపోదు. రెండోసారి ఫారం తెరిచి పాత చిత్రం తీసి కొత్తది పెట్టినప్పుడు, భద్రపరచడానికి ముందున్న రాతనూ, ఇప్పుడు వచ్చిన రాతనూ పక్కపక్కన ఉంచి, కొత్తగా వచ్చినవాటికి లెక్క కలిపి, పోయినవాటికి లెక్క తీసివేయాలి. ఈ పోలిక మరిచి, భద్రపరచిన ప్రతిసారీ అన్నిటికీ ఒకటి కలుపుతూ పోయిన ఫారాలను నేను చూశాను. అక్కడ ఒక్క చోట ఉన్న చిత్రానికి ముప్పై, నలభై లెక్క పడుతుంది. ఇక ఆ ఫైలు ఎన్నటికీ వాడుకలో లేనిదిగా తేలదు. మాడ్యూలును తొలగించేటప్పుడు తన పేరున ఉన్న లెక్కలను తానే శుభ్రం చేసుకోవడం కూడా తయారు చేసినవారి బాధ్యతే.

కొందరు మిత్రులు దగ్గరి దారి ఒకటి చెబుతారు. తాత్కాలిక ఫైళ్లను ఎప్పటికీ తొలగించవద్దని సెట్టింగులో ఎంచుకుంటే సరిపోతుంది కదా అంటారు. నోటీసులు మాయం కాకుండా ఆ రాత్రికి అది ఆపుతుంది, నిజమే. నేను కూడా ఆ సంస్థలో ఒక్క రోజు అలాగే ఉంచి, తర్వాత అసలు పని చేశాను. కానీ దాన్నే శాశ్వతంగా వదిలేస్తే వాడుకలో ఉన్న ఫైలు ఏది, చెత్త ఏది అన్న ప్రశ్నకు జవాబు ఇక దొరకదు. తర్వాత ఎప్పుడో డిస్కు నిండినప్పుడు, కొత్తగా వచ్చిన సాంకేతిక సిబ్బంది పాతవన్నీ ఒక్కసారిగా తుడిచివేస్తారు. అప్పుడు పోయేది ఒక్క నోటీసు కాదు.

లెక్క రాయడం తేలికైన పని అని మాత్రం నేను చెప్పబోవడం లేదు. డ్రీస్ బైటార్ట్ 2001లో విడుదల చేసిన నాటి నుంచి ప్రపంచవ్యాప్తంగా ఎందరో సమర్థులు మెరుగుపరుస్తూ వస్తున్న డ్రూపల్‌లోనే ఈ లెక్క తప్పిన సందర్భాలున్నాయి. ఒకే వ్యాసానికి పాత ప్రతులు, అనువాదాలు ఉన్నప్పుడు లెక్క సున్నాకు పడిపోయి, నిజంగా వాడుకలో ఉన్న ఫైళ్లు కూడా తొలగిపోయాయి. అందుకే 2017 అక్టోబరులో వచ్చిన 8.4 వెర్షన్ నుంచి, లెక్క సున్నా అయిన ఫైలును వ్యవస్థ తనంతట తానే తాత్కాలికంగా మార్చడం మానేసింది. కావాలనుకున్నవారు ఆ సెట్టింగును తిరిగి తెరుచుకోవచ్చు. ఈ మార్పు తర్వాత సొంత ఫారాలకు కూడా భయం లేదని అనుకోవడం పొరపాటు. ఒకసారి శాశ్వతమైన ఫైళ్లకే ఆ రక్షణ వర్తిస్తుంది. ఎన్నడూ నమోదే కాని కొత్త చిత్రం ఇప్పటికీ ఆరు గంటల తర్వాత పోతుంది.

ఈ విషయం తెలుగు వెబ్‌సైట్లకు మరింత ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంగ్లీషు సైటులో చిత్రం పోతే ఒక అలంకారం పోతుంది, చుట్టూ ఉన్న రాత మిగులుతుంది. మన కార్యాలయాల్లో, డీటీపీ కేంద్రాల్లో నోటీసులు ఇప్పటికీ అను వంటి, యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి) కాని ఫాంట్లలో టైపు అవుతున్నాయి. ఆ అక్షరాలను ఎడిటర్‌లో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతాయి. అందుకని సిబ్బంది కాగితం మీద ముద్రించి, సంతకం, ముద్ర వేయించి, ఫోన్‌తో ఫొటో తీసో స్కాన్ చేసో దాన్నే చిత్రంగా పెడతారు. అక్కడ చిత్రమే నోటీసు. అది పోతే ఆ పేజీలో శీర్షిక తప్ప ఒక్క అక్షరం మిగలదు, వెతికే యంత్రాలకు కూడా దాని నకలు రాతగా దొరకదు. నేను చెప్పిన సంస్థలో ఫీజుల నోటీసు అసలు ప్రతి ఆ జూనియర్ అసిస్టెంట్ ఫోనులో ఉండబట్టి తిరిగి పెట్టగలిగాము.

ఫైలు పేర్లు తెలుగులో ఉన్నప్పుడు ఇంకొక చిక్కు ఎదురవుతుంది. వాడుకను యూయూఐడీతో కాక ఫైలు పేరుతో వెతికే ఫారాలు కొన్ని ఉన్నాయి. యూనికోడ్‌లో ఒక్కొక్క తెలుగు వర్ణచిహ్నం యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. వెబ్ చిరునామాగా మారినప్పుడు ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది కనుక, ‘క’ అనే ఒక్క అక్షరం తొమ్మిది గుర్తుల పొడవుకు చేరుతుంది. డేటాబేస్‌లో పేరు తెలుగులో ఉండి, రాతలో శాతం గుర్తులతో ఉంటే ఆ రెండూ ఒకటేనని సాధారణ వెతుకులాట గ్రహించదు. ఐత్వం విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. దాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు గుర్తులుగానూ రాయడానికి యూనికోడ్ అనుమతిస్తుంది. కంటికి ఒకేలా కనిపించే ‘వైద్య’ అనే మాట యంత్రానికి రెండు వేర్వేరు మాటలు కావచ్చు. ఫైలు వాడుకలో లేదని తేల్చి తుడిచివేసే ప్రోగ్రాము ఏదైనా పేర్ల పోలిక మీద ఆధారపడితే, ముందుగా నష్టపోయేది తెలుగు పేరున్న ఫైలే. తెలుగులో పేర్లు పెట్టవద్దని సిబ్బందికి చెప్పడం దీనికి పరిష్కారం కాదు. పేరును కాక గుర్తింపు సంఖ్యను ఆధారం చేసుకోవడమే పరిష్కారం.

పీడీఎఫ్‌ల సంగతి కూడా చెప్పాలి. సిబ్బంది ఫైలును ఒకచోట ఎక్కించి, దాని చిరునామాను కాపీ చేసి, ఎడిటర్‌లో లింకుగా అతికిస్తారు. అలాంటి లింకులో యూయూఐడీ ఉండదు కనుక, ఫారం తయారుచేసినవారు చిత్రాలను మాత్రమే ఏరితే ఆ పీడీఎఫ్ లెక్కలోకి రాదు. చిరునామాను బట్టి ఫైలును గుర్తించే పని విడిగా రాయవలసిందే.

డ్రూపల్ గురించే ఇంత రాయడం నాకు దానితో ఉన్న పరిచయం వల్ల. వెబ్‌సైట్లు నిర్మించే మరొక సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో సమస్య వేరు రూపంలో ఉంటుంది. అక్కడ మీడియా లైబ్రరీలోని ఫైలు ఏ టపా నుంచి మొదట ఎక్కిందన్న ఒక్క సంగతే నమోదవుతుంది, తర్వాత ఎన్ని చోట్ల వాడారన్నది నమోదు కాదు. టపాను తొలగించినా ఫైలు అలాగే ఉంటుంది. ఆన్‌లైన్ పాఠాల కోసం కళాశాలలు ఎక్కువగా వాడే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎడిటర్‌లో పెట్టిన ఫైలు ముందుగా వినియోగదారుడి చిత్తుప్రతి ప్రాంతంలో ఉంటుంది. ఫారం భద్రపరచినప్పుడు దాన్ని అసలు ప్రాంతానికి తరలించి, రాతలో పూర్తి చిరునామా బదులు ఒక గుర్తును మాత్రమే ఉంచుతారు. కానీ అక్కడ కూడా సొంత ఫారం రాసేవారు ఆ తరలింపు పనిని పిలవడం మరిచిపోతే చిత్తుప్రతి ప్రాంతం ఖాళీ అయిన రోజున చిత్రాలు విరిగిపోతాయి. ఏ వ్యవస్థ అయినా సొంత ఫారం అనగానే లెక్క రాసే బాధ్యత రాసినవారి మీదకు వస్తుంది.

ఫైలు పోవడం ఒక నష్టమైతే, పోవలసిన ఫైలు పోకుండా ఉండటం అంతకంటే పెద్ద నష్టం. ఒక సంస్థ సైటులో ఉపకార వేతనాల జాబితా ప్రకటనకు విద్యార్థుల ఆధార్ కార్డుల స్కాన్లు పొరపాటున జతయ్యాయి. ఎవరో గమనించి ప్రకటనను వెంటనే తొలగించారు, పని అయిపోయిందనుకున్నారు. ఏడాది తర్వాత సైటును మరొక సర్వర్‌కు మార్చే పనిలో నేను చూసేసరికి ఆ చిత్రాలన్నీ చిరునామా తెలిసిన ఎవరికైనా తెరుచుకునే స్థితిలోనే ఉన్నాయి. ప్రకటన పోయింది, ఫైళ్లు పోలేదు, అవి ఏ ప్రకటనకు చెందినవో చెప్పే లెక్క ఎక్కడా లేదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సేకరించిన ప్రయోజనం తీరిన తర్వాత వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలని ఆ చట్టం చెబుతున్నది. ఒక విద్యార్థి వచ్చి నా కార్డు నకలు తీసివేయండని అడిగితే, అది ఏ ఏ చోట్ల ఉందో చెప్పలేని సంస్థ ఆ బాధ్యతను ఎలా నెరవేరుస్తుంది? మరోవైపు 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రభుత్వ సంస్థలు రికార్డులను సూచికలతో సహా సక్రమంగా నిర్వహించాలనీ, వివరాలను తమంతట తామే వెల్లడించాలనీ ఆదేశిస్తున్నది. ఉంచవలసినది ఉంచడానికీ, తీయవలసినది తీయడానికీ ఆధారం ఆ ఒక్క వాడుక పట్టికే.

సంస్థల యాజమాన్యాలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వెబ్‌సైట్ పని అప్పగించే ఒప్పందంలో, సొంతంగా తయారు చేసే ప్రతి ఫారానికీ ఎడిటర్ ద్వారా వచ్చే చిత్రాల, పత్రాల వాడుక నమోదు కావాలనే షరతు ఒకటి రాయించండి. పని స్వీకరించే రోజున చిత్రం కనిపించిందని సంతకం చేయకండి. ఒక చిత్రం ఎక్కించి, ఒక రోజు ఆగి, క్రాన్ నడిచిన తర్వాత మళ్లీ చూడండి. అదే ఫారంలో ఆ చిత్రం మార్చి పాతదాని లెక్క తగ్గిందో లేదో, ప్రకటననే తొలగించి దాని ఫైలు చిరునామా ఇంకా తెరుచుకుంటున్నదో లేదో చూపించమని అడగండి. సాంకేతిక పరిజ్ఞానం లేని గుమాస్తా కూడా ఈ పరీక్ష చేయగలరు. ఇప్పటికే నడుస్తున్న సైట్లలో సొంత ఫారాలు ఎన్ని ఉన్నాయో జాబితా రాయించి, వాటి పాత రాతల్లోని చిత్రాలకు ఒకసారి వెనక్కి వెళ్లి లెక్క రాయించడం కూడా ఒకటి రెండు రోజుల్లో పూర్తయ్యే పని.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో వెబ్ అభివృద్ధి బోధించే అధ్యాపకులకు ఒక విన్నపం. ఫారం అనగానే గడులు గీయడం, డేటాబేస్‌లో రాయడం, తప్పులు పట్టడం వరకు విద్యార్థులకు నేర్పుతున్నారు. రాత లోపల దాగి ఉండే ఫైలుకు కూడా ఒక జీవితకాలం ఉంటుందనీ, దాన్ని ఎక్కించిన చోటే తీసివేసే దారి కూడా రాయాలనీ ఒక ప్రయోగ తరగతిలో చేసి చూపిస్తే చాలు.

మీ పత్రిక విద్య, సాంకేతిక పేజీల్లో ఈ అంశంపై నిపుణుల చేత వివరంగా రాయించగలరని మనవి. వచ్చే ప్రవేశాల కాలం మొదలయ్యేలోగా అది వెలువడితే, ఈ ఏడాది నోటీసులు పెట్టే సిబ్బందికి ఉపయోగపడుతుంది.

భవదీయుడు,
ఒక వెబ్‌సైట్ నిర్మాత,
హనుమకొండ